కోబాల్‌లో కార్డ్ నంబర్ దాచాలంటే చిక్కెక్కడ?

వాట్సాప్ మెసేజ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, మనం ఏమీ చేయక్కర్లేదు. మరి ఎన్నో పెద్ద బ్యాంకుల వెనక ఇప్పటికీ నడుస్తున్న ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ సంగతేంటి? అక్కడ చాలా ప్రోగ్రాములు కోబాల్‌లో ఉంటాయి. కోబాల్ పుట్టింది 1959లో. ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ స్టాండర్డ్ అయింది 2001లో. అంటే ఆ రికార్డులు డిజైన్ చేసినవాళ్లలో చాలామందికి ఏఈఎస్ ఊసే తెలీదు.

కోబాల్ రికార్డ్ అంటే పరీక్ష అప్లికేషన్‌లో గళ్లు ఉంటాయి చూడండి, అలాంటిది. పేరుకి ఇన్ని, నంబర్‌కి ఇన్ని, అంతే. 16 అంకెల కార్డ్ నంబర్‌ని ప్యాక్డ్ డెసిమల్‌లో పెడితే 9 బైట్లు పడుతుంది. ఏఈఎస్ బ్లాక్ సైజేమో 16 బైట్లు. మామూలు పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తే గడిలో పట్టదు. సరే, గడి పెంచుదామా? దాని తర్వాతి ఫీల్డులన్నీ పక్కకి జరుగుతాయి. ఆ కాపీబుక్ వాడే ప్రతి ప్రోగ్రామ్‌నీ మళ్లీ కంపైల్ చేయాలి, పాత ఫైళ్లు కూడా మార్చాలి. ఒక్కటి మిస్సయినా, అంకెలుండాల్సిన చోట చెత్త బైట్లు దొరుకుతాయి. వాటితో లెక్క చేయబోతే ఎస్ జీరో సీ సెవెన్ అబెండ్. అర్ధరాత్రి బ్యాచ్ ఆగిపోయి ఎవరికో ఫోన్ మోగుతుంది.

ఇంకో గమ్మత్తు ఉంది. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్ ఎబ్సిడిక్, మన ల్యాప్‌టాప్‌లది ఆస్కీ. ఎఫ్‌టీపీలో టెక్స్ట్ మోడ్ పెడితే దారిలోనే బైట్లు మారిపోతాయి. మామూలు టెక్స్ట్‌కి అది మంచిదే. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా మాత్రం సర్వనాశనం. కీ కరెక్టే, అయినా అటువైపు తెరుచుకోదు. బైనరీ మోడ్‌లోనే పంపాలి.

గడి పెంచకుండా దారి లేదా? ఉంది, ఫార్మాట్ ప్రిజర్వింగ్ ఎన్‌క్రిప్షన్. 16 అంకెలిస్తే వేరే 16 అంకెలే వస్తాయి. అమెరికాలోని నిస్ట్ 2016లో ఎఫ్‌ఎఫ్1, ఎఫ్‌ఎఫ్3 అని రెండు పద్ధతులు ఓకే చేసింది. మరుసటి ఏడాదే ఎఫ్‌ఎఫ్3లో లోపం బయటపడింది, అందుకే నా ఓటు ఎఫ్‌ఎఫ్1కే. కీని మాత్రం వర్కింగ్ స్టోరేజ్‌లో రాసేయకండి బాబూ! సోర్స్ చూసిన ప్రతివాడికీ తాళం ఇచ్చినట్టే. ఐసీఎస్ఎఫ్‌ని కాల్ చేసి కీ లేబుల్ పేరు ఇస్తే చాలు.

"కోడ్ ముట్టుకోకుండా కుదరదా?" అంటారా. 2017లో జెడ్14 మెషీన్‌తో ఐబీఎం డేటాసెట్ ఎన్‌క్రిప్షన్‌ని ముందుకు తెచ్చింది. అందులో ప్రోగ్రామ్ ఒక్క లైను కూడా మారదు. స్టోరేజ్ అడ్మిన్ ఫైల్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపగలడు గానీ, కీ పర్మిషన్ లేకపోతే చదవలేడు. ఇది నాకు భలే నచ్చింది. కానీ ఫైల్‌కీ కీకీ రెండిటికీ పర్మిషన్ ఉన్న ఉద్యోగి ఐడీ దొంగ చేతిలో పడిందనుకోండి, వాడికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే కార్డ్ నంబర్ లాంటి ఫీల్డుకి ఆ గడి గొడవ పడాల్సిందే.