మందు ఓడిందా, కణితి మారిందా?

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట 'మందు పనిచేయలేదు' అని. కొందరు డాక్టర్ని అనుమానిస్తారు, కొందరు మందుల కంపెనీని తిడతారు, ఇంకొందరు రోగి సరిగ్గా తినలేదంటారు. అసలు కారణం చాలాసార్లు కణితిలోనే ఉంటుంది. ప్రతి కణితీ కొన్ని ప్రొటీన్లను ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా తయారుచేసుకుంటుంది. మందుకు అది లొంగుతుందా, మొండికేస్తుందా అన్నది ఆ పాళ్లను బట్టి చాలావరకు తేలుతుంది. అందుకే ఆ ప్రొటీన్లను పరీక్షించకుండా చికిత్స మొదలుపెట్టడం తప్పు. జబ్బు తిరగబెట్టాక కూడా పాత రిపోర్టునే నమ్ముకుని సాగడం అంతకన్నా పెద్ద తప్పు.

ఈ సంగతి బయటపడిన చరిత్రలో ఒక తెలుగువాడి పేరుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు ఆయన బృందం నుంచే వచ్చాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. కానీ తగ్గిన జబ్బు మళ్లీ వచ్చేది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ తర్వాత రొమ్ము క్యాన్సర్ చికిత్సలోకీ వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత దాన్ని మరో రెండు మందులతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని మిలాన్‌లో బొనడొన్నా బృందం 1976లో చూపించింది. ఈ మందు కణంలో డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అది లేనిదే కణం కొత్త డీఎన్ఏను తయారుచేసుకోలేదు. మరి కొన్ని కణాలు ఎలా తప్పించుకున్నాయి? మందుకు లొంగని ఎలుక కణాల్లో ఆ ఎంజైము జన్యువు ఎన్నో నకళ్లుగా పెరిగిపోయిందని, అందుకే ఎంజైము కుప్పలుగా తయారవుతోందని రాబర్ట్ షిమ్కే బృందం 1978లో కనిపెట్టింది. కొన్నేళ్లకే ప్రయోగశాలలో పెంచిన మనిషి రొమ్ము క్యాన్సర్ కణాల్లోనూ ఇదే కనిపించింది. మందులో ఏ మార్పూ లేదు. అది అడ్డుకోవలసిన ప్రొటీన్ మోతాదే మారింది.

ప్రొటీన్ల ప్రభావం ఇదొక్క తీరుగానే ఉండదు. 1976లో టొరంటోలో జూలియానో, లింగ్ గుర్తించిన పి-గ్లైకోప్రొటీన్ కణపు పొరలో ఉండి, పడవలోకి చేరిన నీళ్లను తోడి పారబోసినట్టు, లోపలికి వచ్చిన డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ వంటి మందుల్ని బయటికి నెట్టేస్తుంది. సంకేతాలు అందుకునే గ్రాహక ప్రొటీన్ హెర్-2 సంగతి వేరు. దాని జన్యువు నకళ్లు ఎక్కువగా ఉన్న కణితులు త్వరగా ముదురుతాయని డెన్నిస్ స్లామన్ బృందం 1987లో తేల్చింది. ఆ ప్రొటీన్‌నే గురిగా పెట్టుకున్న ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి దొరికింది. ప్రాణం తీసే ప్రొటీనే చికిత్సకు దారి చూపింది. హెర్-2 ఎక్కువగా ఉన్నా, పీటెన్ అనే మరో ప్రొటీన్ లోపిస్తే ఆ మందు ప్రభావం తగ్గవచ్చని తర్వాతి పరిశోధనలు సూచించాయి. అలాగే ఈస్ట్రోజన్ హార్మోను గ్రాహకం లేని కణితి మీద, ఆ గ్రాహకాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మందు దాదాపుగా పనిచేయదు.

ప్రొటీన్లను పరీక్షించాలన్న ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రయోగశాలలో కనిపించిందంతా రోగుల్లో నిజం కాదు కదా అంటారు. నిజమే. పి-గ్లైకోప్రొటీన్‌ను అడ్డుకునే మందులు గాజు పాత్రల్లో ఆశ పుట్టించాయి గానీ, రోగుల మీద పరీక్షల్లో ఆశించిన మేలు చేయలేకపోయాయి. కణితికి తప్పించుకునే దారులు అనేకం ఉన్నాయి. పైగా అదే ప్రొటీన్ ఆరోగ్యంగా ఉన్న అవయవాలకూ అవసరం. అంతమాత్రాన ప్రొటీన్ పరీక్షలే దండగని తేల్చకూడదు. రోగుల్లో రుజువైనవేవో, ఇంకా కానివేవో విడదీసి చూడాలి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు, హెర్-2 దశాబ్దాల పాటు రోగుల్లో నిగ్గుతేలినవి. వీటిని తప్పకుండా చూడాలి. రుజువు కాని ప్రొటీన్ పరీక్షల ప్యాకేజీలకు డబ్బు పోయనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఖర్చు. ఈ మూడింటినీ బయాప్సీలో తీసిన ముక్క మీదే రంగు వేసి చూస్తారు. హెర్-2 ఫలితం '2+' అని వస్తే ఫిష్ అనే మరో పరీక్షతో తేల్చుకోవాలి. నెలల తరబడి పనికిరాని ఇంజెక్షన్లు ఎక్కించుకునే ఖర్చు ముందు, ఆ వృథా అయిన కాలం ముందు ఇది చాలా తక్కువ. జబ్బు ఎముకకో కాలేయానికో పాకినప్పుడు కొందరిలో ఈ గ్రాహకాలు మారిపోతాయి. అందుకే వీలైన చోట కొత్త ముక్క తీసి మళ్లీ పరీక్షించడం మేలు. ముక్క తీయడం ప్రమాదమైతే ఆ నిర్ణయం డాక్టర్ది.

హైదరాబాద్‌లో మూసాపేట పక్కనే బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఒక తరానికి మందుల తయారీ నేర్పింది. చవకైన మందులకు పేరుపడ్డ ఈ నగరంలో, ఆ మందును సరైన కణితికి ఇవ్వడానికి కావలసిన పరీక్షకూ అంతే ప్రాధాన్యం దక్కాలి. మూసాపేటలో మెట్రో ఎక్కి లకడీకాపూల్‌లో దిగితే ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే. ఏ ఆసుపత్రికి వెళ్లినా బయాప్సీ రిపోర్టు నకలు మీ దగ్గర ఉంచుకోండి. మూడు గ్రాహకాల ఫలితాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. జబ్బు తిరగబెడితే 'మళ్లీ పరీక్షించాలా?' అని డాక్టర్ని అడగండి. అలా అడగడం రోగి హక్కు.