ఉపవాసమున్న అజగరము

అమీర్‌పేట చౌరస్తానుండి పంజాగుట్టవైపు నడచువారికి అన్నపు కొదువ ఏనాడును కనిపింపదు. శిక్షణ కేంద్రములకు పరుగెత్తు విద్యార్థులకొరకు ప్రొద్దున్నే ఇడ్లీ బండ్లు సిద్ధమగును. రాత్రి ప్రొద్దుపోయినను బిర్యానీ వాసన వీధిని విడువదు. తలపైన మెట్రోరైలు, క్రింద జనప్రవాహము, సందుసందునను వసతిగృహపు బోర్డులు. ఇట్టిచోట మూడవ అంతస్తులోని గది నొకదానిని పాఠకులు ఊహించుకొందురుగాక. గోడప్రక్కన గాజుపెట్టె. అందులో చుట్ట చుట్టుకొని, తలను నడుమ దాచుకొన్న చిన్న కొండచిలువ. దాని ముందర చచ్చిన చిట్టెలుక. ఆరు వారములుగా ఆ పాము నోరు తెరవలేదు. పెంచువానికి నిద్రలేదు.

మన భాషలో ఈ జంతువునకు తిండిని బట్టియే పేరు వచ్చినది. అజమును, అనగా మేకను, మ్రింగునది అజగరము. అరణ్యపర్వములో భీముని చుట్టివైచిన నహుషుడు ఈ రూపముననే యుండెను. అయినను మన పూర్వులు దీనియందు చూచినది కేవలము ఆబ కాదు. భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదునితో సంభాషించిన ముని, తేనెటీగయు కొండచిలువయు తన గురువులని చెప్పును. దొరకినది తినుట, దొరకనినాడు కదలక పరుండుట కొండచిలువ నేర్పిన విద్య. అది వట్టి వేదాంతము కాదు, పామును కన్నులార చూచిన వాని మాట.

విశాఖపట్టణమున నివసించిన ప్యాట్రిక్ రస్సెల్ అను కంపెనీ వైద్యుడు 1796లో వెలువరించిన సర్పగ్రంథమున ఈ పామును 'పెద్దపొడ' అను తెలుగు పేరుతోనే వర్ణించెను. ఆ చక్కని మాటను మనమే మరచితిమి. ఆ పెద్దపొడను ఇంట పెంచుకొనుట నేడు నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి అత్యున్నత రక్షణ కల్పించినది. గాజుపెట్టెలోనిది దాని దూరపు చుట్టము, పశ్చిమాఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. భయపడినపుడు బంతివలె ముడుచుకొనును గనుక ఆ పేరు. 2022లో చట్టమును సవరించి, 2024లో నియమములు చేసిన పిమ్మట ఇట్టి విదేశీ ప్రాణులను సైతము ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలసియున్నది.

పాము ఏల తినదు? మనకు భోజనము దినచర్య. కొండచిలువకు అది ఒక కార్ఖానాను తెరచుట వంటిది. బర్మా కొండచిలువలపై స్టీఫెన్ సీకర్, జారెడ్ డయమండ్ మున్నగువారు 1990 దశకమునుండి జరిపిన పరిశోధనలు ఈ సంగతిని వెల్లడించినవి. పెద్ద ఆహారమును మ్రింగిన రెండు మూడు దినములలో దాని చిన్నప్రేగు బరువు ఇంచుమించు రెట్టింపగును. జీవక్రియ వేగము నలువది రెట్ల వరకు పెరుగును. రెండు దినములలో గుండె 40 శాతము పెరిగినట్లు 2005లో ఒక పరిశోధక బృందము ప్రకటించెను. అరుగుదల ముగియగానే ఇవి యన్నియు మరల ముడుచుకొనును. ఇంత పనికి వెచ్చదనము కావలెను, చాటు కావలెను. చలిలో మ్రింగిన ఎలుక కడుపులో కుళ్లును, లేదా వెలికి వచ్చును. కావున నోరు మూసికొనుట ఆ పామునకు మొండితనము కాదు, ముందుచూపు.

ఇక పెంచువాడు చేయునదేమి? దినమునకు నాలుగుసార్లు మూత తెరచును. ఎలుకను మార్చును. పామును మెడలో వేసికొని మిత్రులకు చూపును. డిసెంబరు చలిలో కిటికీ తెరచియుంచును. మే నెలలో తనకొరకు ఏసీ వేసికొనును. పాము ప్రతిసారియు ఇంకొంత ముడుచుకొనును. ప్రేమయే దాని ఆకలికి అడ్డుపడుచున్నదని అతనికి తోచదు. నాగులచవితినాడు పాములవాడు నీరియ్యక ఎండబెట్టిన పాముచేత పాలు త్రాగించుటయు, మనము దానిని భక్తియనుకొనుటయు ఇట్టివే. పాలు పాముకు ఆహారము కానేకావు.

తెలిసినవారు చేయునది మిక్కిలి స్వల్పము. పెట్టెలో ఒక మూల 32 డిగ్రీలు, రెండవ మూల 26 డిగ్రీల వేడిమి నిలుపుదురు. రెండు మూలలను శరీరమునకు సరిపడు ఇరుకు గూళ్లుంచి, వారము పది దినములు దాని జోలికి పోరు. గడ్డకట్టించిన ఎలుకను పూర్తిగా కరగించి, వేడినీటి సహాయమున బ్రతికియున్న ఎలుకయంత వెచ్చగా చేసి, చీకటిపడిన పిమ్మట పొడవైన పటకారుతో అందింతురు. పాము పెదవులపైనున్న గుంటలు ఆ వెచ్చదనమును పసిగట్టును. చల్లని ఎలుక దాని దృష్టికి ఎలుకయే కాదు. సజీవమైన ఎలుకను వదలరాదు. ఆకలిలేని పామును అది కొరికివేయును. కన్నులు నీలిమబ్బు క్రమ్మి కుబుసము విడువబోవు దినములలో తినకున్నను, జోడుకట్టు కాలమున మగపాము నెలల తరబడి తినకున్నను కలవరపడనక్కరలేదు.

ఉపవాసము కొన్నియెడల మాతృధర్మము కూడ. ఆడ కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని తన శరీరపు వేడితో పొదుగునని భారతదేశము తిరిగివచ్చిన లామార్-పికో అను ఫ్రెంచివాడు చెప్పగా పారిసు పండితులు నమ్మలేదు. 1841లో పారిసు జంతుశాలలోనే ఒక కొండచిలువ అట్లు పొదిగెను. వాలెన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకమును దాని చుట్టల నడుమ నుంచి, పరిసరములకంటె పాము వెచ్చగా నున్నదని నిరూపించెను. పొదుగునంత కాలము ఆ జాతి పాములు సాధారణముగ ఆహారము ముట్టవు.

అయితే ప్రతి ఉపవాసమును వ్రతమని సరిపెట్టుకొనరాదు. నోట పుండ్లు, చొంగ, శ్వాసలో గురక కనిపించినను, బరువు పదియవ వంతు తగ్గినను సరీసృపముల వైద్యము తెలిసిన పశువైద్యునివద్దకు కొనిపోవలెను. బలవంతముగ నోట కుక్కుట అతడు చేయవలసిన కడపటి పని, ఇంటిలో చేయునది కాదు. చిన్న పిల్లపాము పెద్దదానివలె నెలలు ఓర్వలేదు. అందుచేత వారమున కొకసారి త్రాసుపై నిలుపు తూకమే అన్నిటికంటె నమ్మదగిన సాక్షి.

మూడవ అంతస్తు గదిలో దీపమార్పిరి. పెట్టెపై నల్లని గుడ్డ కప్పిరి. క్రింద వీధిలో ఎవరో దోసెకు తొందరపెట్టుచున్నారు. తెల్లవారి గుడ్డ తొలగించి చూడగా ఎలుక పెట్టిన చోటనే యున్నది. పాము మాత్రము గూటిలో మూల మారినది. త్రాసుపై అంకె గతవారపు అంకెయే.