ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు

“మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందట.” ఈ మాట వినని ఇల్లు మన దగ్గర ఉండదేమో. ఎక్కువసార్లు ఆ మాట వచ్చేది ఎక్స్‌రే చూశాకే. అయితే మామూలు ఎక్స్‌రేలో గుజ్జు అసలు కనిపించదు. కిరణాలు దాన్ని దాటుకుని వెళ్ళిపోతాయి. డాక్టరు చూసేది పైఎముకకూ కిందిఎముకకూ మధ్యనున్న సందును. సందు సన్నబడితే గుజ్జు తరిగినట్టు లెక్క. పడుకోబెట్టి తీస్తే ఒంటి బరువు కీలు మీద పడదు కాబట్టి, అరిగిన మోకాలి సందు కూడా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. మోకాలి అరుగుదల తేల్చాలంటే నిలబెట్టి ఎక్స్‌రే తీసేది ఇందుకే.

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో 1895 నవంబర్ 8న విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణాలను గుర్తించాడు. అవేమిటో తెలియక ‘ఎక్స్’ అన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. డిసెంబర్ 22న తీసిన భార్య చేతి ఎముకల చిత్రంలో వేలి ఉంగరం కూడా నల్లగా పడింది. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ 1901లో ఆయనకే వచ్చింది. పేటెంట్ మాత్రం తీసుకోలేదు. ఈ రోజు చిన్న ఊళ్ళో కూడా ఎక్స్‌రే తీయించుకోగలుగుతున్నామంటే ఆ ఉదారతకు మనం ఎంతో కొంత రుణపడి ఉన్నాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ కార్లలో ఎక్స్‌రే యంత్రాలు ఎక్కించి యుద్ధభూమికి తీసుకెళ్ళింది. సైనికుల ఒంట్లో తూటా ఎక్కడుందో, ఎముక ఎక్కడ విరిగిందో అక్కడికక్కడే చూసేవారు. ఇరవై ఏళ్ళు నిండని కూతురు ఐరీన్ కూడా తల్లి వెంట ఆ పని చేసింది.

విరిగిన ఎముక కూడా ఒక్కోసారి ఎక్స్‌రేకు చిక్కదు. జారిపడుతూ అరచెయ్యి నేలకు ఆన్చినప్పుడు, బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగవచ్చు. తొలిరోజు ఎక్స్‌రేలో ఆ పగులు తప్పించుకుపోవడం మామూలే. పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీస్తే గీత బయటపడుతుంది. అందాకా కట్టు వేసి ఉంచుతారు. ఈ ఎముకకు రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. “ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, బెణికిందంతే” అనుకుని నూనె రాసి ఊరుకున్నవాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి మణికట్టు నొప్పితో బాధపడవచ్చు. బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి ఉంటే మళ్ళీ వెళ్ళాల్సిందే.

మామూలుగా ఎక్స్‌రేకు కనబడని లిగమెంట్లు, అంటే ఎముకలను పట్టి ఉంచే కట్లు, తెల్లగా కనబడే జబ్బు ఒకటుంది. అది మన నేలకు బాగా తెలిసిన ఫ్లోరోసిస్. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే ఎముక సుద్దముక్కలా చిక్కబడుతుంది. ఆ కట్లలో కూడా సున్నం పేరుకుంటుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడం దీనికి పేరున్న గుర్తు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్టు 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం వైద్యపత్రికలో రాసింది. నల్లగొండ పల్లెల్లో వంగిన వెన్నులు మనందరం చూసినవే. వాటి కథ ఎక్స్‌రే ఫిల్ముల్లో రాసి ఉంది.

ఎక్స్‌రేకు కనిపించని గుజ్జును చూడాలంటే ఎమ్మారై ఉంది. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మన ఒంట్లోని నీళ్ళు, కొవ్వులోని హైడ్రోజన్‌తోనే అది బొమ్మ కడుతుంది. గుజ్జు, లిగమెంట్, కండర తాళ్ళు, ఎముక లోపలి మూలుగ అన్నీ దానికి కనిపిస్తాయి. 1977 జులై 3న న్యూయార్క్‌లో డమాడియన్ బృందం తీసిన తొలి మానవ శరీర స్కానుకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు మోకాలికి అరగంట చాలు. 1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. స్కాను ఆగినా అది ఆగదు. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్ళిన ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. గుమ్మం దగ్గర లోహపు వస్తువుల గురించి సిబ్బంది అడిగే ప్రశ్నలను విసుగుగా తీసుకోకండి.

అప్పుడే పుట్టిన పాప తుంటి కీలు జారిందేమో చూడటానికి ఎక్స్‌రే పనికిరాదు. తొడ ఎముక తల అప్పటికింకా మెత్తని మృదులాస్థే. దానికి అల్ట్రాసౌండ్ కావాలి. ఆస్ట్రియాకు చెందిన గ్రాఫ్ 1980లో చూపిన దారి అది. భుజంలోని కండర తాడు తెగిందో లేదో కూడా చెయ్యి కదిలిస్తూ అందులో చూడవచ్చు.

ఇక నడుం నొప్పి. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. వారిలో 52 శాతం మందికి ఒక్క డిస్కయినా ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ సరిగ్గా ఉన్నవారు 36 శాతమే. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని కాదు. అది చూసి కుంగిపోనక్కర్లేదు. అయితే నడుం నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత ఫిల్ములూ, రిపోర్టులూ వెంట తీసుకెళ్ళండి.