ఫర్ ఎక్స్‌ఎమ్‌ఎల్

ఫర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనేది మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసులో క్వెరీ ఫలితాన్ని పట్టికగా కాక ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఇచ్చే ఉపవాక్యం. ఇది 2000 వెర్షనులో రా, ఆటో, ఎక్స్‌ప్లిసిట్ అనే మూడు పద్ధతులతో ప్రవేశించింది. 2005 వెర్షనులో పాత్ పద్ధతి, టైప్ ఆదేశం చేరాయి. దీనిని వాడినపుడు ఫలితం ఆలస్యంగా రావడానికి సాధారణంగా ఎక్స్‌ఎమ్‌ఎల్ కంటే క్వెరీని వ్రాసిన తీరే కారణం.

వరుసల క్రమం, ఇండెక్సు

ఒక పాఠశాల డేటాబేసులో తరగతులకు ఒక పట్టిక, విద్యార్థులకు ఒక పట్టిక ఉన్నాయనుకుందాం. ఆటో పద్ధతి ప్రతి వరుసనూ దాని ముందు వరుసతో మాత్రమే పోల్చి, తరగతి మారినపుడు కొత్త మూలకాన్ని తెరుస్తుంది. వరుసలు తరగతి క్రమంలో లేకపోతే ఒకే తరగతి పలుచోట్ల ప్రత్యక్షమవుతుంది. అపుడు ఫలితం ఉబ్బడమే కాదు, తప్పుగా కూడా ఉంటుంది. అందుచేత ఆర్డర్ బై తప్పనిసరి.

పాత్ పద్ధతిలో ఒక క్వెరీలో మరొక క్వెరీని ఇమిడ్చి, ఒక్కొక్క తరగతి క్రింద దాని విద్యార్థులను చేర్చవచ్చు. ఇక్కడ చాలామంది మరచే విషయం ఒకటుంది. ప్రైమరీ కీకి ఇండెక్సు దానంతట అదే ఏర్పడుతుంది, ఫారిన్ కీకి ఏర్పడదు. విద్యార్థుల పట్టికలో తరగతి సంఖ్యపై ఇండెక్సు లేకపోతే, ప్రతి తరగతికీ పట్టిక మొత్తాన్ని చదివే ఆస్కారముంది. 40 తరగతులు, 2,000 మంది విద్యార్థులు ఉంటే అది 80,000 వరుసల పఠనం. ఒక్క ఇండెక్సుతో ఈ శ్రమ తప్పుతుంది.

లోపలి క్వెరీకి టైప్ ఆదేశం ఉండాలి. లేనిచో దాని ఫలితాన్ని సర్వరు మామూలు పాఠ్యంగా భావించి, కోణపు గుర్తులను సంకేతాలుగా మార్చివేస్తుంది. అన్నిటికంటే బయటి క్వెరీకి మాత్రం ఇది సాధారణంగా అనవసరం.

ఫలితపు పరిమాణం

ఆంగ్లంలో అయిదు అక్షరాలుండే మార్క్స్ అనే పేరుతో 85 అనే విలువను మూలకంగా పంపితే 17 అక్షరాలు, గుణంగా పంపితే ముందున్న ఖాళీతో కలిపి 11 అక్షరాలు అవుతాయి. పదివేల విలువలకు తేడా 60,000 అక్షరాలు. ఛాయాచిత్రాలను బేస్64గా మార్చి పంపితే ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి. వాటి చిరునామా మాత్రమే పంపడం మేలు.

ఫలితాన్ని చదివే విధానం

సర్వరు ఈ ఫలితాన్ని 2,033 అక్షరాల ముక్కలుగా పంపుతుంది. ఏడీఓ డాట్‌నెట్‌లో ఎగ్జిక్యూట్ స్కేలార్ వాడితే మొదటి ముక్కే చేతికి వస్తుంది. నలుగురు విద్యార్థులతో పరీక్షించినపుడు సరిగా పనిచేసిన ప్రోగ్రాము, బడి మొత్తానికి వాడేసరికి జాబితాను మధ్యలో తెంచివేయడానికి కారణమిదే. ఎగ్జిక్యూట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రీడర్ వాడితే ముక్కలన్నీ వరుసగా అందుతాయి. మొత్తాన్ని ఒకేసారి మెమొరీలో ఉంచుకోవలసిన పని కూడా ఉండదు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ అవసరం లేని చోట 2016 వెర్షను నుండి ఫర్ జేసన్ అనే ఉపవాక్యం అందుబాటులో ఉంది.