తనకు తానే తీర్పరి

బాలలూ! మీరు కబడ్డీ ఆడేటప్పుడు ఎప్పుడైనా ఇలా జరిగిందా? కూతకు వచ్చినవాడి చెయ్యి మీ చొక్కా అంచుకు తగిలీ తగలనట్టు తగులుతుంది. తగిలిన సంగతి మీకు తెలుసు. వాడికి తెలియదు. గట్టు మీద కూచుని చూసేవాళ్ళకూ తెలియదు. అప్పుడు మీరు "నేను అవుట్!" అని గీత దాటి బయటికి వస్తారా? లేక ఏమీ ఎరగనట్టు నిలబడిపోతారా?

జవాబు నాకు చెప్పనక్కరలేదు. మీలో మీరే చెప్పుకోండి. నేను చాలా ఏళ్ళు బడిలో ఆటల పోటీలు నడిపినవాణ్ణి. ఈ ప్రశ్న ఎంత కష్టమైనదో నాకు తెలుసు. సరిగ్గా ఇటువంటి చిక్కులోనే పడిన ఒక ఆటగాడి సంగతి ఇప్పుడు మీకు చెబుతాను. అతనికి తగిలింది చొక్కా అంచు కాదు, కొద్దిపాటి ఇసుక. ఆ ఇసుక ఖరీదు కోట్ల రూపాయలు!

అతని పేరు సాహిత్ తీగల. అమెరికా వాళ్ళు ఇంటిపేరు చివర రాస్తారు. మన పద్ధతిలో అయితే తీగల సాహిత్ అనాలి. పేరు వినగానే మన తెలుగువాడని తెలిసిపోతుంది కదూ? అతను గోల్ఫు ఆటను వృత్తిగా చేసుకున్నవాడు.

ముందు గోల్ఫు అంటే ఏమిటో తెలుసుకుందాం. లింగంపల్లిలో ఉండే పిల్లలకు గోల్ఫు మైదానం మరీ దూరం కాదు. గచ్చిబౌలి వైపున పెద్ద పెద్ద బండరాళ్ళ నడుమ బౌల్డర్ హిల్స్ మైదానం ఉన్నది. గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయాఖిల్లాలో ఇంకొకటి ఉన్నది. పచ్చిక మీద అక్కడక్కడ చిన్న జెండాలు కనిపిస్తాయి. ప్రతి జెండా కింద ఒక గుంట ఉంటుంది. దాని అడ్డుకొలత నాలుగుంపావు అంగుళాలు. అంటే టీ సాసరు కంటె చిన్నది! ఎక్కడో దూరాన బంతిని పెట్టి, కర్రతో కొట్టుకుంటూ వచ్చి, ఆ గుంటలో వెయ్యాలి. ఇటువంటి గుంటలు పద్దెనిమిది. పెద్ద పోటీలు జరిగే మైదానంలో వాటన్నిటి దూరాలూ కలిపితే సుమారు ఆరున్నర కిలోమీటర్లు అవుతుంది.

ఎంత దూరం కొట్టగలరంటారా? ఆరితేరిన ఆటగాడు ఒక్క దెబ్బకు 270 మీటర్ల దూరం పంపుతాడు. లింగంపల్లి స్టేషనులో పన్నెండు పెట్టెల బండి ఆగి ఉన్నదనుకోండి. పెట్టె ఒకటి 21 మీటర్ల చొప్పున లెక్క వెయ్యండి. మొదటి పెట్టె దగ్గర నిలబడి కొట్టిన బంతి చివరి పెట్టెను కూడా దాటి పడుతుందన్నమాట.

ఇన్ని దెబ్బలలో బంతి గుంటలో పడాలి అని ప్రతి గుంటకూ ఒక లెక్క ఉంటుంది. దానిని "పార్" అంటారు. మిగతా ఆటలలో ఎక్కువ సంపాదించినవాడు గెలుస్తాడు. ఇక్కడ తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలుస్తాడు. దారిలో చెట్లు, నీటి మడుగులు, ఇసుక పల్లాలు అడ్డం వస్తాయి. ఈ ఇసుక పల్లాన్ని "బంకర్" అంటారు. మన కథకు ఇది ముఖ్యం, గుర్తు పెట్టుకోండి.

గోల్ఫు బంతి సంగతి కూడా ఒకటి చెప్పాలి. దాని ఒంటి నిండా మూడు వందలకు పైగా చిన్న చిన్న సొట్టలుంటాయి. నున్నటి బంతి దూరం పోతుంది గాని సొట్టల బంతి పోతుందా అని మీరు అనుకోవచ్చు. పూర్వం ఆడినవాళ్ళూ అలాగే అనుకున్నారు. కాని దెబ్బలు తిని గాట్లు పడ్డ పాత బంతులే నిగనిగలాడే కొత్త బంతుల కంటె బాగా పోవడం చూసి ఆశ్చర్యపోయారు. కారణమేమిటంటే, బంతి పోయేటప్పుడు దాని వెనుక గాలి సుడులు తిరిగి, బంతిని వెనక్కు లాగుతుంది. సొట్టలుంటే గాలి బంతి ఒంటిని ఇంకా కొంత దూరం అంటిపెట్టుకుని జారుతుంది. వెనుక సుడి చిన్నదవుతుంది. లాగే బలం తగ్గుతుంది. సొట్టలు లేని బంతి సుమారు సగం దూరమే పోతుంది. దెబ్బలు తిన్న బంతే దూరం పోతుందన్నమాట! సాహిత్ కథ వింటున్నప్పుడు ఈ మాట మీకు మళ్ళీ గుర్తుకు రావచ్చు.

సాహిత్ 1997 డిసెంబరు 8వ తేదీన అమెరికా దేశంలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి మురళీధర్, తల్లి కరుణ. వారు హైదరాబాదు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవారు. చీనో హిల్స్ అనే ఊళ్ళో పిల్లవాడు పెరిగాడు. వారిది తరతరాలుగా గోల్ఫు ఆడే కుటుంబం కాదు. తండ్రికి టెలివిజనులో ఆటలు చూడడమంటే సరదా. అలా ఆ పిల్లవాడికి చిన్ననాటనే గోల్ఫు మీద మనసు పడింది. ధనవంతుల క్లబ్బులలో గాక, రుసుము చెల్లించి ఎవరైనా ఆడగల మైదానాలలో నేర్చుకున్నాడు. అతని వెన్నెముక కొంచెం పక్కకు వంగి ఉంటుంది. అందుచేత అతను కర్ర ఊపే తీరు పుస్తకాలలోని బొమ్మలా ఉండదు. అయినా తన ఒంటికి కుదిరిన తీరులోనే సాధన చేశాడు.

పెద్దవాడై పెపర్డైన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2018లో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. గోల్ఫు ఆడేవాడికి మణికట్టు అంటే వీణ వాయించేవాడికి వేళ్ళవంటిది. ఒక ఏడాది పోటీలన్నీ పోయాయి. కాని ఓపిక పట్టి తిరిగి వచ్చాడు. 2020లో, అమెరికా కళాశాలల ఆటగాళ్ళకిచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ బహుమానాలు మూడూ అతనికే వచ్చాయి. ఆ ఏడే కరోనా వచ్చి ఆటలన్నీ ఆగిపోయాయి. ఆ వేసవిలోనే అతను వృత్తి ఆటగాడయ్యాడు.

వృత్తి ఆటగాడి బ్రతుకు ఎలా ఉంటుందో తెలుసా? అతనికి నెల జీతం లేదు. మామూలుగా ఒక పోటీ నాలుగు రోజులు జరుగుతుంది. రెండు రోజులు కాగానే ముందున్న సుమారు 65 మందిని ఉంచుకుని మిగతావారిని ఇంటికి పంపేస్తారు. వారికి బహుమతి సొమ్ములో కాణీ రాదు. రైలు, విమానం, బస, సంచి మోసే సహాయకుడి కూలి మాత్రం ఇచ్చుకోవలసిందే. సాహిత్ మొదట చిన్న మెట్టు పోటీలలో ఆడి, 2021లో పెద్ద మెట్టయిన పి.జి.ఎ. టూరుకు అర్హత సంపాదించాడు.

ఇక దెబ్బలు మొదలైనాయి. 2022 ఫిబ్రవరిలో జరిగిన ఫీనిక్స్ ఓపెన్ పోటీలో మూడు రోజులు ముగిసేసరికి అందరి కంటె ముందున్నాడు. చివరి రోజు పదిహేడో గుంట దగ్గర అతని బంతి దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది. ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలుపు అవకాశం పోయింది. తల్లిదండ్రులను కౌగిలించుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అదే ఏడు జూన్‌లో ఇంకొక పోటీ. చివరి గుంటకు వచ్చేసరికి ఒక దెబ్బ ఆధిక్యం ఉన్నది. బంతి ఇసుక పల్లంలో పడింది. బయటికి తీయబోతే గట్టుకు తగిలి మళ్ళీ పల్లంలోనే పడింది. ఆ గెలుపూ జారిపోయింది.

ఇంకొకడయితే ఆట మీద విసుగు పుట్టేది. సాహిత్ ఆడుతూనే ఉన్నాడు. 2023 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని నాపా అనే ఊళ్ళో, నాలుగు రోజులలో 267 దెబ్బలతో, అంటే పార్ కంటె 21 తక్కువతో, మొదటిసారి గెలిచాడు. అప్పుడూ తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆటల ఏడాది చివర టూర్ ఛాంపియన్‌షిప్ అని ఒక పోటీ జరుగుతుంది. ఏడాది పొడుగునా బాగా ఆడిన 30 మందికే అందులో ప్రవేశం. అట్లాంటా నగరంలోని ఈస్ట్ లేక్ మైదానంలో జరుగుతుంది. 2024 ఆగస్టు 31, మూడో రోజు ఆట. మూడో గుంట దగ్గర సాహిత్ బంతి ఇసుక పల్లంలో పడింది. కొట్టడానికి కర్రను వెనక్కు ఎత్తాడు. ఎత్తేటప్పుడు కర్ర కొస ఇసుకకు కొద్దిగా రాసుకున్నట్టు అతనికి అనిపించింది.

ఇసుక పల్లంలో కర్రను వెనక్కు ఎత్తేటప్పుడు ఇసుకను తాకకూడదని నియమం. ఎందుకంటే, తాకనిస్తే ఆటగాడు బంతి వెనుక ఇసుకను చదును చేసుకోవచ్చు. అది గట్టిదో మెత్తదో ముందే కనిపెట్టవచ్చు. తాకితే రెండు దెబ్బలు అదనంగా లెక్కలో వేస్తారు.

చూసేవాళ్ళెవరూ ఆక్షేపించలేదు. నియమాల అధికారులు మైదానంలో ఉంటారు గాని, ప్రతి ఆటగాడి వెంటా నడవరు. సాహిత్ మాట్లాడకుండా ముందుకు వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. కాని అతను తానే అధికారిని పిలిపించాడు. కర్ర ఇసుకకు తగిలిందని అనుకుంటున్నానన్నాడు. రెండు దెబ్బల శిక్ష తన మీద వేయించుకుని, ఆట సాగించాడు.

పోటీ ముగిసింది. అతనికి మూడో స్థానం వచ్చింది. పార్ కంటె 24 తక్కువ. రెండో స్థానం కాలిన్ మోరికావాది, 26 తక్కువ. చూశారా, తేడా సరిగ్గా రెండు దెబ్బలే!

పలకా బలపం తీసుకోండి. రెండో బహుమతి 125 లక్షల డాలర్లు. మూడో బహుమతి 75 లక్షల డాలర్లు. ఇద్దరూ సమానంగా వస్తే రెండూ కలిపి చెరి సగం పంచుతారు. చెరొక వంద లక్షలు. సాహిత్‌కు వచ్చినవి 75 లక్షలు. లెక్క ప్రకారం ఆ రెండు దెబ్బల వల్ల అతను పోగొట్టుకున్నది 25 లక్షల డాలర్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 21 కోట్ల రూపాయలు!

"అతనికి 75 లక్షలు ఎలాగూ వచ్చాయి కదా, పోతే ఏం?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని శిక్ష అడిగి వేయించుకున్ననాటికి ఇంకా ఒక రోజు ఆట మిగిలే ఉన్నది. తనకు ఎంత వస్తుందో, ఎంత పోతుందో అతనికి తెలియదు. ఖరీదు తెలియకుండానే నిజం చెప్పాడన్నమాట.

విచిత్రం వినండి. ఆ ఈస్ట్ లేక్ మైదానంలోనే పూర్వం బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు ఆట నేర్చుకున్నాడు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో, కొట్టబోతుండగా అతని బంతి కాస్త కదిలింది. చూసినవాడు తానొక్కడే. అయినా తన మీద ఒక దెబ్బ శిక్ష వేసుకున్నాడు. చివరకు ఇద్దరు సమానంగా వచ్చారు. తిరిగి ఆడిన ఆటలో జోన్స్ ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే పోటీ అతనిదే! జనం మెచ్చుకోబోతే, దొంగతనం చెయ్యనందుకు మనిషిని పొగుడుతారా అని అతను మందలించాడని చెబుతారు. సరిగ్గా 99 ఏళ్ళకు, అతని సొంత మైదానంలో, మన తెలుగువారి పిల్లవాడు అదే పని చేశాడు.

ఆ తరువాత నెలలో సాహిత్, కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ప్రెసిడెంట్స్ కప్పులో అమెరికా జట్టు తరఫున ఆడాడు. ఆ జట్టే గెలిచింది. 2025లో మెడ నొప్పి బాధించి కొన్నాళ్ళు ఆటకు దూరమయ్యాడు. వృత్తి ఆటగాడి జీవితం అంతే. ఒక ఏడు ఎత్తు, ఒక ఏడు పల్లం. ఎత్తూ పల్లమూ మన చేతిలో లేవు. లెక్క సరిగా రాయడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. గోల్ఫు ఆట ముగియగానే ప్రతి ఆటగాడూ తన దెబ్బల లెక్క ఉన్న చీటీ మీద తానే సంతకం చేసి ఇవ్వాలి.

మీరూ ఒక పని చెయ్యండి. వచ్చే ఆదివారం అంపైరు లేకుండా కబడ్డీ ఆడి చూడండి. ఎవరికి చెయ్యి తగిలితే వారే చెప్పాలని నియమం పెట్టుకోండి. మొదట్లో తగాదాలు వస్తాయి. పట్టు విడవకండి. నాలుగు వారాలు ఆడిన తరువాత, మీ జట్టులో ఎవరి మాట మీద అందరికీ నమ్మకం కుదిరిందో చూడండి. ఆ నమ్మకం సంపాదించినవాడు, ఆటలో ఓడినా సరే, మీలో అందరికంటె ముందున్నవాడు.