పట్నం వీధిని కూడా చేనులాగే చూద్దాం

రైతన్నలూ! పట్నంలో వాతావరణ మార్పు గురించి మనకెందుకులే అనుకోవద్దు. ఎండాకాలం కర్నూలులో తాగునీటికి కట్టకట అయితే సుంకేసుల నీళ్లు ముందు పట్నానికే పోవాలి. అది తప్పు కాదు, తాగునీటిదే మొదటి వరస. కానీ ఆ బరువు పడేది కె.సి. కాలువ కింది పైర్ల మీదే. అందుకే పట్నం వీధిలో ఇంకే ప్రతి బిందె మనకూ లెక్కే. వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు ఇక్కడ రాస్తున్నా.

2009 గుర్తుందా? ఆ ఏడు వానాకాలం మొదట్లో వానలు ముఖం చాటేశాయి. సెప్టెంబర్ ఆఖర్లో పట్టుకున్న వానకు తుంగభద్ర, హంద్రీ పొంగి అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2020 నవంబర్‌లో నివర్ తుఫానుకు కడపలో బుగ్గవంక ఇళ్లలోకి వచ్చింది. కరువూ వరదా ఒకే ఊరికి వచ్చేవే. ప్లాను రెండింటికీ వేసుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. 40 ఇళ్ల వీధిలో మిద్దెల మీదే 2 లక్షల లీటర్లు! చేనులో అయితే గెనిమ వేస్తాం, వాలుకు అడ్డంగా దున్నుతాం, ఆచ్ఛాదన కప్పుతాం. వీధిలో మాత్రం సిమెంటు వేసి నీళ్లను మురుక్కాలువలోకి తోసేస్తున్నాం.

వీధివాళ్లంతా కలిసి చేయగలిగిన పనులు ఇవి:

1. వాలు చూడండి. గట్టి వాన పడినప్పుడు నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తున్నాయో కాగితం మీద గీసుకోండి. మిగతా పనులన్నీ దాన్నిబట్టే.

2. ముందు సంపు, తర్వాత గుంత. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంతలో అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, మీద ఇసుక పోస్తే ఒకసారికి పట్టేది సుమారు 1,500 లీటర్లే. నల్లరేగడిలో ఇంకడం ఇంకా నిదానం. కాబట్టి మిద్దె నీళ్లతో సంపు నింపి, పొర్లేవి గుంతకు వదలండి. సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో మాత్రం తవ్వొద్దు.

3. బండలు మన దగ్గరివే. కడప బండలు, బేతంచెర్ల బండలు వాకిట్లో సిమెంటు మీద కాకుండా ఇసుక మీద, సందులు వదిలి పరిస్తే ఆ సందుల్లోంచి నీరు దిగుతాది.

4. నీడ. వేప, కానుగ, నేరేడు నాటి, మొదట్లో పాదులో ఎండాకు కప్పండి. మిద్దెకు తెల్ల సున్నం కొడితే పగటి వేడి ఇంట్లోకి దిగడం తగ్గుతాది.

5. తడి చెత్త. ఇక్కడే మన పని ఉంది. కూరగాయలు దించి బండి ఖాళీగా తిప్పుకురావద్దు. తొక్కలు, రాలిన ఆకు వేరు చేసి ఇమ్మని వీధివాళ్లతో మాట్లాడుకోండి. ప్లాస్టిక్, గాజు, నూనె కూరలు వద్దని ముందే చెప్పండి. దిబ్బలో పొరలుగా వేసి, పేడతో కలిపి, జీవామృతం చల్లి బాగా చివికాకే చేనుకు తోలండి. వాళ్లకు చెత్త పోతాది, మనకు ఎరువొస్తాది, కొనేవాళ్లతో నమ్మకం కూడా పెరుగుతాది.

ఒక మాట సూటిగా చెప్పాలి. 2009లాంటి నది వరదను ఇంకుడు గుంతలు ఆపవు. దానికి మందు ఒకటే: వంక దారి వంకకు వదలడం. బుగ్గవంక ఒడ్డునైనా, హంద్రీ ఒడ్డునైనా ప్లాటు చవగ్గా వస్తోందంటే పాత నీటి గుర్తు ఎక్కడిదాకా ఉందో అక్కడి పెద్దవాళ్లను అడిగి కొనండి. మన పిల్లలు కూడా రేపు ఆ కాలనీల్లో ఉండేవాళ్లే.

తొలకరికి ముందు నవధాన్యాలు చల్లుకునే రోజుల్లోనే వీధి పనీ మొదలుపెట్టాలి. వాన పడ్డాక తవ్వితే బురదే మిగులుతాది. మీరు కూరగాయలు అమ్మే వీధిలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? కింద రాయండి, దానిమీద మాట్లాడుకుందాం.