పాత చెక్క విమానాల్లో సీటు పట్టీల బిగింపు – తనిఖీ

పాత ఇంటి తలుపుకు బందు ఊడిపోవటం మీరు చూసే ఉంటారు. ఇనుప బందుకు ఏమీ కాదు. మరలను పట్టుకున్న చెక్కే పట్టు వదిలేస్తుంది. జర్మనీవారి కా-6, ఇంగ్లండువారి స్లింగ్స్‌బీ టి.21, 1961లో తొలిసారి ఎగిరిన మన రోహిణి-1 వంటి చెక్క గ్లైడర్లు పాతబడినప్పుడు సీటు పట్టీల విషయంలోనూ ఇదే జరగవచ్చు.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. విమానం నేలను గుద్దుకొని, గురుత్వ త్వరణానికి 9 రెట్ల రుణత్వరణం ఏర్పడిందనుకోండి. 80 కిలోల పైలట్‌ను ఆపటానికి పట్టీలు సుమారు 720 కిలోల బరువుకు సమానమైన బలాన్ని భరించాలి. ఈ బలం పట్టీ నుంచి ఉక్కు పలకకు, బోల్టుకు, చెక్క చట్రానికి, జిగురు అతుకుల మీదుగా విమాన దేహానికి చేరుతుంది. మధ్యలో ఎక్కడ తెగినా కొత్త పట్టీ ఉండి ప్రయోజనం లేదు. పట్టీ మార్చి, లాగ్‌బుక్కులో రాసి, పని అయిపోయిందనుకోవటం నా దృష్టిలో సగం తనిఖీ కూడా కాదు.

చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే వాషరు కింద పీచు నలిగి బోల్టు వదులవుతుంది. అలాగని నట్టును ఇంకా బిగిస్తే ఆ పీచు మరింత నలుగుతుంది. తేమ 20 శాతం దాటి నిలిచిపోతే శిలీంధ్రాలు చెక్కను కుళ్లబెట్టగలవు. సీటు అడుగున నీరు పోయే రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోయాయేమో తప్పక చూడండి. నడుము పట్టీల బోల్టులు తరచూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. పాలలోని ప్రోటీనుతో చేసే కేసీన్ జిగురు తేమకు సులభంగా చెడిపోతుంది కనుక, ఏ జిగురు వాడారో రికార్డుల్లో ముందే చదవాలి.

టార్చి, చిన్న అద్దం తీసుకోండి. బోల్టు చుట్టూ నల్లని మరక ఉంటే అక్కడికి తేమ చేరిందని అనుమానించాలి. కోలగా సాగిన రంధ్రం, చెక్కలోకి దిగిన వాషరు, రంగులో వెంట్రుకవాసి పగులు కూడా చెడు గుర్తులే. ఒకరు పట్టీని చేత్తో గట్టిగా లాగుతుంటే మరొకరు చట్రం కదులుతోందేమో గమనించాలి. బోల్టు తల మెరుస్తూనే ఉండవచ్చు, తుప్పు మాత్రం చెక్క లోపలున్న భాగానికి పడుతుంది. అందుకే మాన్యువల్ ప్రకారం బోల్టును బయటికి తీసి చూడటం అవసరం.

తట్టినప్పుడు బోలు శబ్దం వస్తే అతుకు విడిపోయి ఉండవచ్చు. శబ్దం బాగున్నంత మాత్రాన జిగురుకు బలం ఉన్నట్టు కాదు. సన్నని ఫీలర్ గేజి అతుకులోకి దూరితే మాత్రం సందేహం లేదు, ఆ విమానం ఎగరకూడదు. పెద్ద వాషరు వేసి సరిపెట్టకుండా, చెడిన చెక్కను తొలగించి, ఆమోదిత డ్రాయింగు ప్రకారం కొత్త ముక్కను అతికించాలి. ఆ పనికి లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం కావాలి.